నైరుతి కిటికీ, దక్షిణపు గేటు

పుస్తకాలిచ్చి శంషాబాద్‌లో వందమంది మనసులు మార్చానని చాలాచోట్ల చెప్పుకున్నాను. వంద అబద్ధం. పది కూడా కాదు. మా బావ ఒక్కడి మీదే ప్రయత్నించాను. అదేమైందో చెబుతాను.

బావది మామిడిపల్లి. పోయినేడు స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాస్తు చూసేవాడు వచ్చి, తప్పంతా వంటింటి నైరుతి కిటికీదే అన్నాడు. బావ వారం తిరక్కుండా దాన్ని ఇటుకలతో మూయించాడు. ఆ వంటింటికి ఉన్నదే ఆ ఒక్క కిటికీ. అప్పటినుంచి అక్కకు పోపు వేస్తే దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గాలి ఆడకపోతే మందులు పనిచేయవని దవాఖానలో చెప్పారు.

వాస్తును ఉతికి ఆరేసిన పుస్తకమొకటి కొని తెచ్చి బావ చేతిలో పెట్టాను. చదవడేమోనని భయపడ్డాను. చదివాడు! పెన్సిల్ పట్టుకుని, రెండుసార్లు. పదిహేను రోజుల తర్వాత వెళ్లి చూస్తే పుస్తకం నిండా గీతలున్నాయి. కిటికీ నిండా ఇటుకలే ఉన్నాయి.

"మస్తు రాసిండు బామ్మర్దీ," అన్నాడు. "దొంగ వాస్తోళ్లు దేశం నిండ ఉన్నరట. మావోడు గట్లాంటోడు కాదని ఇది చదివినంకనే సమజైంది."

నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"బావా, వాడు మంచోడా చెడ్డోడా అని గాదు! గా పుస్తకం మొత్తుకునేది వాస్తే అబద్ధమని. నూటపదో పేజీ చూడు!"

"నూటపదో పేజీల ఏమున్నది?"

నేను ముప్పయ్యో పేజీ దాటలేదు. అదృష్టం కొద్దీ పైన విమానం పోతోంది. ఆ మోతలో జవాబు చెబుతున్నట్టు పెదాలు కదిపాను.

మోత తగ్గేదాకా ఓపిగ్గా ఆగి, బావ నవ్వాడు. "అవన్నీ పక్కన పెట్టు. మీ ఇంటి గేటు దక్షిణం దిక్కు ఉండె గద. ఏమైంది?"

ఏమైందంటే, ఇరవై ఏళ్ల కిందట అక్కడ గోడ కట్టించి, గేటు తూర్పుకు మార్చాను. రోడ్డు కోసమని అందరికీ చెప్పాను. రోడ్డు దక్షిణానే ఉంది. ఇప్పటికీ సందులోంచి చుట్టూ తిరిగి ఇంట్లోకి పోతాం.

"నీ గేటు నువ్వు తెరువు, నా కిటికీ నేను తెరుస్త," అన్నాడు.

వంటింట్లోంచి అక్క దగ్గుతూనే అందుకుంది. "తమ్మీ, నీకు పుణ్యముంటది, జర జల్ది తెరువురా."

ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చి గడ్డపార తీశాను. గోడ మొత్తం కూల్చేశానని రాసేవాణ్నే. కూల్చలేదు. ఒక్క ఇటుక ఊడింది. అంతలో మోకాలు కలుక్కుమంది. దక్షిణం తెరుస్తున్నందుకేనని తోచింది. ఛీ, ఇదేం బుద్ధి అనుకున్నాను. అనుకుంటూనే గడ్డపారను గోడకు ఆనించి కూర్చున్నాను. అది ఇంకా అక్కడే ఉంది.

అక్క రోజూ ఫోన్ చేస్తోంది.

"ఎన్ని ఇటుకలు ఊడినయ్‌రా?"

"నాలుగు," అన్నాను నిన్న.

అటువైపు ఒకటే దగ్గు.

"ఐదక్కా," అన్నాను.