మోకాలికి వదిలిన జాగా

నిన్న చిట్యాల బస్టాండులో ఒక ఆటోలోంచి అలాంటి పాటే వినిపించింది. ఎవరినో పోగొట్టుకున్నట్టు ఒక ఆడగొంతు పాడుతోంది. కింద తాళం మాత్రం గంతులు వేస్తోంది. దెబ్బ పడాల్సిన చోట పడకుండా ఖాళీ వచ్చింది. అక్కడ సంచి పట్టుకున్న నా కుడిచెయ్యి బిగుసుకుపోయింది. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. జహంగీర్ భాయ్ గుర్తుకొచ్చాడు.

మర్రిగూడలో ఆయనకు మైకుసెట్టు దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకు కిరాయికి ఇచ్చేవాడు. నేను అదే పెళ్ళిళ్ళలో డప్పు కొట్టేవాణ్ణి. మా నీళ్ళలో ఎముకలను బిగదీసే ఫ్లోరైడు. నలభై ఐదేళ్ళకే ఆయన మెడ తిరగడం మానేసింది. పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరిగేవాడు. మోకాళ్ళు ఏటేటా బిగుసుకుంటున్నాయి. వయసులో ఉన్నప్పుడు బరాత్ ముందు ఆయన ఎగురుతుంటే ఆ ఆట చూడడానికి జనం అరుగులెక్కేవారట.

తొంభైల చివర్లో దుబాయిలో ఉన్న ఆయన బామ్మర్ది ఒక క్యాసెట్ పంపాడు. లండన్ దిక్కు పిల్లలు ఎగిరే పాటలని, వాటిని గ్యారేజ్ పాటలంటారని చెప్పి పంపాడట. గ్యారేజ్ అంటే బస్సులు బాగుచేసేది కదా భాయ్ అని నవ్వాను.

"మనుషులను సుత బాగుచేస్తరేమో, జర ఇనరాదు" అన్నాడు.

విన్నాను. మా పెళ్ళిపాటల్లో దెబ్బ వెంట దెబ్బ రోకటిపోటులా పడుతుంది. ఇందులో ఒకటి పడి, రెండోది రాదు. అది రాలేదని మనసు వెతుక్కునేలోపు ఇంకోటి పక్కనుంచి వస్తుంది. గొంతు ఏడుస్తున్నా కాళ్ళు ఊరుకోవు. ఆయన కుర్చీ పట్టుకుని లేచాడు. ఎడమకాలు వేశాడు. దెబ్బ లేని చోట కుడికాలిని మెల్లగా ఈడ్చుకున్నాడు. తర్వాతి దెబ్బకు అది సరిగ్గా వచ్చి పడింది. కుంటినట్టు లేదు, ఆటలాగే ఉంది. నేనూ డప్పు అందుకున్నాను. అలవాటుకొద్దీ ఆ ఖాళీలో కూడా కొట్టాను. ఆయన ఆగిపోయాడు.

"నర్సిమ్మా, గాడ కొట్టకు. గా జాగా నా మోకాలిది."

నెల రోజులు ఆయన దుకాణంలో కొట్టకుండా ఉండడం నేర్చుకున్నాను. కొట్టడం కన్నా అది కష్టం. కొడుకు సలీం పెళ్ళి దగ్గరపడింది. బరాత్‌లో జీపెక్కకుండా, పెళ్ళికూతురి గడప దాకా ఎగురుతూ పోవాలని ఆయన పట్టు. ఆ రోజు కూర్చుంటే ఇక జన్మంతా కూర్చోవడమేనని ఒకసారి నాతో అన్నాడు.

బరాత్ మధ్యాహ్నం కదిలింది. జీపు మీద మైకు, మైకులో ఆ క్యాసెట్, ముందు నేను. "ఎక్కు భాయ్, కట్టె లెక్క అయినవు" అన్నాడు డ్రైవర్.

"కట్టెతోనే కదరా డప్పు మోగేది" అన్నాడు జహంగీర్ భాయ్, అడుగు వేస్తూ.

మొదట నవ్వారు. తర్వాత నవ్వులు ఆగాయి. ఆయన ఒక కాలు వేసి, ఒక కాలు ఈడ్చి, కళ్ళు మూసుకుని వీధి పొడుగునా ఎగిరాడు. పెళ్ళివారి గడప కనిపించగానే ఈలలు మొదలయ్యాయి. ఆ ఈలలు నా తలకెక్కాయి. పాత చెయ్యి లేచింది. ఖాళీలో గట్టిగా ఒక దెబ్బ పడింది. ఆయన కాలు ఆ దెబ్బను నమ్మింది. మోకాలు మాత్రం వంగలేదు. కట్టె పడ్డట్టు పడ్డాడు. తుంటి బొక్క విరిగిన చప్పుడు అంత మోతలోనూ నాకు వినిపించింది. ఎక్కనన్న జీపులోనే నల్గొండ దవాఖానకు తీసుకుపోయాం.

బొక్క ఇక అతకదన్నారు. వారం తర్వాత వాళ్ళింటికి పోయి, ఆయన చూపు ఆనేలా మంచం మీదికి వంగి చెప్పాను. "నేనే కొట్టిన భాయ్, గా జాగాల."

"ఇన్న" అన్నాడు.

నేను లేవబోతుంటే, "పాట వెట్టు. మంచం పట్టె మీద కొట్టు. ఈసారి ఆగు" అన్నాడు.

వేళ్ళతో కొట్టాను, ఆగాను. దుప్పటి కింద ఆయన బొటనవేలు కదిలింది. అట్లా రెండేళ్ళు, ఆయన పోయేదాకా, వారానికోసారి పోయి కొట్టాను.

ఇప్పుడు నాతో కొట్టే పిల్లలు, దెబ్బ తప్పినవు తాతా అంటారు. ఎగిరేవాళ్ళ మొహాలు నాకు గుర్తుండవు. వాళ్ళలో ఎవరి మోకాలు వంగడం లేదో అదే చూస్తాను. ఆ మనిషి కాలు వచ్చి నేలమీద పడేదాకా నా డప్పు పుల్ల గాలిలోనే ఉంటుంది.