ఆ లోకంలో నేను పాసయ్యాను

నాచారంలో ఇంటర్ చదివేటప్పుడు నా పక్కన కూర్చునే అమ్మాయిని ఏమడిగినా ముందు "ఏ లోకంల?" అనేది. తను వేరే హైదరాబాద్ నుంచి వచ్చిందట. అది ఇప్పటికీ వేరే దేశమట, అక్కణ్నుంచి విజయవాడ వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలట. ఉప్పల్ చౌరస్తాలోని గుండ్రటి స్కైవాక్ మీద వెనక్కి వెనక్కి నడిస్తే అక్కడికి చేరతామట.

లెక్కల్లో తప్పిన రోజు ఇంటికి వెళ్లడానికి భయపడి నేను ఏడుస్తుంటే, "ఫికర్ జెయ్యకు, గాడ నువ్వు పాసైనవ్" అని నన్ను స్కైవాక్ ఎక్కించింది. జనానికి తగులుతూ మూడు చుట్లు వెనక్కి నడిచాం. కిందికి దిగాక జామకాయలమ్మే ఆయన్ని అడిగింది.

"అన్నా, విజయవాడ పోవాల్నంటే పాస్‌పోర్టు గావాల్నా?"

"బస్సెక్కితే సాలమ్మా."

"మళ్ల ఈడికే వచ్చినం," అంది దిగులుగా.

చివరికి నాతో మా ఇంటికొచ్చి, నాకంటే ముందే మా నాన్నకు చెప్పేసింది. "అంకుల్, ఈ లోకంల మీ బిడ్డ లెక్కల ఫెయిలైంది. ఆ లోకంల జిల్లా ఫస్ట్."

నాన్న తన వైపు తిరిగాడు. "అక్కడ దీని నాన్న ఏం చేశాడమ్మా?"

"బిర్యానీ తెచ్చిండు, అంకుల్."

నాన్న నా వంక చూసి, లేచి చొక్కా తొడుక్కున్నాడు. "ఎంతమందికి తెచ్చాడు?" అని అడిగాడు.