బిడ్డ మీద వేసిన ఒట్టు

“నిజం సెప్పు మే. నువ్వేనా మందు పెట్టింది?”

“నేను పెట్టలేదు. బిడ్డ మింద ఒట్టు.”

నా మొగుడూ నేనూ ఆఖరున మాట్లాడుకున్నది ఇంతే. ఆ తర్వాత ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడోరోజు పోయాడు. నా మాట నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది ఆ బిడ్డే. రాయమ్మా, ఆపొద్దు.

మాది వడమాలపేట పక్కన పల్లె. ఆయన పూటకు రెండు సంగటి ముద్దలు తినేవాడు. ఒక ఎండాకాలం ఒకటిన్నర దగ్గరే చెయ్యి కడిగేశాడు. తర్వాత ఒకటి. తర్వాత సగం. “రెండు కడులు తింటే కడుపు నిండిపోతా ఉండాది మే,” అనేవాడు. ఊరగాయ మాన్పించాను, సోడా తాగించాను. నడుము మీద పంచె నిలవడం మానేసింది.

అప్పుడు ఆయన అక్క వచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. “నా తమ్ముడు రాళ్లు తిన్నా అరిగించుకునేటోడు. ఎవురి చేతి కూడు తిని ఇట్లయినాడో!” అంటూ నా పొయ్యి వైపు చూసింది. మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి పెళ్లాలు కూట్లో మందు కలుపుతారని మా పక్క నమ్మకం. వాళ్లమ్మ కూడా ఇట్లాగే తిండి పోక చిక్కిపోయి పోయిందట. అప్పుడు ఆ నింద ఆమె తోడికోడలి మీద వేశారు.

ఆసుపత్రికి పోదామన్నాను. “మందు కడుపులో ఉండగా సూదేస్తే మనిషి దక్కడు,” అంది వదిన. నగరి అవతల మందు కక్కించే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పసరు తాగించి, కక్కినదాంట్లోంచి ఒక వెంట్రుకల ఉండ తీసి అరిటాకు మీద పెట్టాడు. వదిన నా జడ కొస పట్టుకుని దాని పక్కన పెట్టి చూసింది.

“సరిపోయిందా వదినా?” అన్నాను. కోపంతో అన్న మాట. అందరికీ అది ఒప్పుకున్నట్టు వినిపించింది. నా మొగుడికి కూడా.

పసర్లతోనే మూడు నెలలు పోయాయి. చివరికి తిరుపతిలో గొట్టం వేసి చూస్తే కడుపంతా తోలులా గట్టిపడిపోయి ఉంది. క్యాన్సరు, కోసేదానికి కూడా లేదన్నారు.

ఆరేళ్లకు వదినకూ అదే వచ్చింది. వండుకునేది ఆమే, తినేది ఆమే. “నాకెవురు పెట్టినారే?” అని నా చేతులు పట్టుకుంది. గంజి నేనే తాగించాను.

వేలూరులో ఆమెను చూసిన డాక్టరమ్మ, ఇంట్లో ఇట్లా ఎవరెవరు పోయారని నన్ను అడిగి కాగితం మీద గీసుకుంది. ఆడవాళ్లకు సున్న, మగవాళ్లకు గడి. అత్త సున్న, మొగుడి గడి, వదిన సున్న నల్లగా దిద్దింది. కింద ఒక్క తెల్ల సున్న మిగిలింది.

“ఇదెవరు?”

“నా కూతురు.”

“ఎవరూ పెట్టింది కాదమ్మా ఇది. పుట్టుకతో రక్తంలో దిగే లోపంలా ఉంది. తండ్రికి ఉంటే బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు. బొమ్మా బొరుసూ లాగా. రక్తం పరీక్ష చెయ్యాలి, గొట్టం వేసి చూడాలి. పిల్లను తీసుకురా.”

అన్నేళ్లు మోసిన నింద ఆ ఒక్క మాటతో దిగిపోయింది. నాకు సంతోషం కలగలేదు. నేనే మందు పెట్టి ఉంటే బాగుండేది, బిడ్డకు ఏమీ ఉండేది కాదు అనుకున్నాను.

ఈ బిడ్డకిప్పుడు పెళ్లయింది, ఒక పాప. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. “సీజను కానీ మా, పోదాం,” అంటుంది. అట్లా రెండు సీజన్లు పోయాయి. కడుపు పట్టుకుంటే గ్యాసే అంటుంది. నిన్న సగం ముద్ద తిని, మిగతాది కుక్కకు వేసి చెయ్యి కడిగింది. నేను చూడలేదనుకుంది.

ఇదిగో, కలం ఆపేసింది. “ఇదంతా ఎందుకు రాయాల మా?” అంటోంది.

రాయి. సగం ముద్ద అని రాయి. నీ మింద వేసింది దొంగ ఒట్టు కాదు తల్లీ. అయినా ఎనిమిదేళ్లుగా నువ్వు దగ్గినా నాకు గుండె ఆగతా ఉండాది. రేపు పొద్దున వేలూరు బస్సెక్కుతాం. సీజను ఉంటే ఉండనీ.

రాసినావా? యాడ, సదువు. మొదట్నుంచి వద్దు. ఆ సగం ముద్ద కాడ్నుంచి సదువు, నాకు వినపడేటట్టు.