అవుట్ కాదని చెప్పిన సుధాకర్ అన్న

నిన్న మధ్యాహ్నం సుధాకర్ అన్న భార్య విమల వదిన ఫోన్. "బ్రదర్, మీ అన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు."

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో సూపర్‌మార్కెట్ కార్ పార్క్. ట్రాలీ తోసుకుంటూ కారు వైపు వస్తున్నా.

ప్రతి ఆదివారం ప్రసంగంలో మరణాన్ని గద్దించే ఈ పాస్టర్, ట్రాలీ అక్కడే వదిలేసి వదిన దగ్గరికి పరిగెత్తాడు.

మీలో చాలామందికి సుధాకర్ అన్న అంటే చర్చ్‌లో కుర్చీలు సర్దే uncle. ఆయన ఇక్కడ ఒక క్లబ్‌లో జీతానికి బేస్‌బాల్ ఆడిన మనిషి. నాకు తెలిసి మన తెలుగువాళ్లలో మొదటివాడు.

అనంతపురం స్కూల్లో నేర్చింది సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్‌కి తమ్ముడిలాంటి ఆట. Y2K పని మీద మెల్‌బోర్న్ వచ్చాడు. వారమంతా ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాలు సరిచేయడం, వీకెండ్ క్లబ్ గ్రౌండ్‌లో సెకండ్ బేస్ దగ్గర, అంటే పరుగెత్తేవాడు చేరాల్సిన రెండో మజిలీ దగ్గర, కాపలా.

రెండో సీజన్ చివరి మ్యాచ్‌కి వదినతో పాటు నేనూ వెళ్లా. గెలిస్తే అన్నకి కొత్త కాంట్రాక్ట్. "ఇస్తే ఆడు, లేదంటే ఈ బ్యాట్లూ బంతులూ కట్టిపెట్టు" అని వదిన ముందే తేల్చేసింది.

ఆట చివర్లో అవతలి టీమ్ కుర్రాడు సెకండ్ బేస్‌కి జారుకుంటూ వచ్చాడు. అన్న బంతి ఉన్న గ్లవ్ అడ్డం పెట్టాడు. బేస్ అందుకునేలోపు ఆ గ్లవ్ ఒంటికి తగిలితే అవుట్. అంపైర్ "అవుట్!" అన్నాడు. మావాళ్లంతా ఎగిరారు.

అన్న మాత్రం నేరుగా అంపైర్ దగ్గరికి నడిచాడు. "సర్, I didn't touch him."

అంపైర్ లేని మన గల్లీ క్రికెట్‌లో ఉన్నది ఉన్నట్టు ఎవరికి వాళ్లే చెప్పుకునే అలవాటు! అంపైర్ నిర్ణయం మార్చాడు. తర్వాతి బ్యాటర్ కొట్టిన దెబ్బకే ఆ కుర్రాడు రన్ చేశాడు, ఆ ఒక్క రన్‌తో మ్యాచ్ పోయింది.

కోచ్ నిప్పులు కక్కాడు. "Mate, నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు కోచ్. అందుకే చెప్పా."

కొండమీది ప్రసంగంలో యేసు ప్రభువు నేర్పింది ఇదే కదా! మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలని. ఆదివారం ఒక నాలుక, సోమవారం ఆఫీసులో ఇంకో నాలుక పెట్టుకున్న మనమంతా వినాలి ఈ మాట.

కాంట్రాక్ట్ రాలేదు. Career అక్కడితో సరి.

ఆ రోజు తిరుగు దారిలో నేను వెనక సీట్లో ఉన్నా. వదిన తిడుతుందనుకున్నా. కానీ ఆవిడ పులిహోర డబ్బా తీసి ఆయన ఒళ్లో పెట్టింది. అన్న మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కొంచెం ఉప్పు తక్కువైంది విమలా" అన్నాడు. అదీ నిజమే. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

అన్నా, ఇప్పుడు నువ్వు నిలబడ్డ చోట తీర్పరికి ఎవరూ ఏదీ చెప్పక్కర్లేదు. ఆయన అంతా చూశాడు.

వెళ్లిరా అన్నా. ఆయన సన్నిధిలో నీకు నెమ్మది, ఇక్కడ మా వదినకి ఓదార్పు.