కానుగచెట్టుకు నేను అంటగట్టిన జబ్బు

ఆ రోజుల్లో ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివితే చాలు, ఇక లోకంలో మనకు తెలియనిది లేదనిపించేది. మిగతావాళ్ళ సంగతేమో గాని నా సంగతి మాత్రం అంతే. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పాసై, రాయపూర్‌లో ఒక ఆఫీసువారి తోటల విభాగంలో ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. (అప్పటికింకా రాయపూర్ మధ్యప్రదేశ్‌లోనే ఉంది. నాకు మీసాలు కూడా అప్పుడప్పుడే ఒక రూపానికి వస్తున్నాయి.) వానాకాలంలో రోడ్డు పక్క చెట్లు విరిగి పడుతున్నాయి గనక, ఏ చెట్టు లోపల కుళ్ళిందో ముందుగా కనిపెట్టడం నా పని. మానును లోపల్లోపల తినే శిలీంధ్రం ఏదో ఒకనాడు బెరడు చీల్చుకుని, గోడకు కొట్టిన అరలాగా గట్టిగా బయటికి వస్తుంది. దాన్ని చూసి నేను పేరు చెప్పాలి. పేరు చెప్పి మాను మీద ఎర్రరంగుతో గీత గీస్తే, కొద్దిరోజుల్లో గొడ్డళ్ళు వస్తాయి. ఇరవై మూడేళ్ళవాడి చేతికి అంత అధికారం ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆ ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

మా నాన్నది రైల్వేలో ఉద్యోగం. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి రాయపూర్‌లోనే స్థిరపడ్డాడు. బండి స్టేషన్లో ఆగగానే చిన్న సుత్తి పట్టుకుని చక్రం చక్రానికీ ఒక దెబ్బ వేసి, మోగిన తీరును బట్టి పగులుందో లేదో చెప్పడం ఆయన పని. నా ఉద్యోగం మీద ఆయనకు పెద్ద గౌరవం లేదు. "కడుపులో జబ్బు పైనుంచి సూసి సెప్పీడమేటిరా?" అనేవాడు. చదువుకోనివాళ్ళతో వాదించకూడదని నేను జాలిగా నవ్వి ఊరుకునేవాణ్ణి. (ఆ జాలినవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.)

తెలీబంధా చెరువు దగ్గర రోడ్డు మీద ఒక పెద్ద కానుగచెట్టు, దాని నీడలో ఒక కుర్చీ, మానుకు వేలాడే అద్దం. అది ఠాకుర్ దుకాణం. క్షౌరం చేసేవాళ్ళను ఆ ఊళ్ళో గౌరవంగా ఠాకుర్ అనే పిలుస్తారు. మా నాన్న ప్రతి ఆదివారం గడ్డం గీయించుకునేది అక్కడే. నేను ఆ చెట్టు దగ్గరికి వెళ్ళింది ఒక మంగళవారం. చూద్దును కదా, అద్దం కింద, ఛాతీ ఎత్తులో, చిన్న పీటంత శిలీంధ్రం! దాని మీద సబ్బుగిన్నె, పటిక, బ్రష్షు తీరుగా పెట్టి ఉన్నాయి. నా గుండె ఆనందంతో కొట్టుకుంది. గానోడెర్మా! మానును కుళ్ళబెట్టే ఆ శిలీంధ్రానికి పుస్తకంలో వేసిన బొమ్మ అచ్చు ఇలాగే ఉంటుంది.

"ఇది ఎప్పటినుంచి ఉంది?" అని గట్టిగా అడిగాను. ఠాకుర్ నా మొహం చూశాడు, చంకలో ఉన్న సర్కారీ ఫైలు చూశాడు, తలవంచుకున్నాడు. "ఏ హా అపనే అపన్ జామే హే, సాహెబ్" అన్నాడు. దానంతట అదే మొలిచిందట. ఏటేటా పెరుగుతోందా అని అడిగాను. "హర్ సాల్ థోరిక్ థోరిక్" అన్నాడు. ఏడాదికి కాస్త కాస్త. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పైన తెల్లటి పొడి కనిపిస్తే బీజాలు రాలాయని రాసుకున్నాను. నిజానికి ఆ జాతి బీజాలు గోధుమరంగులో ఉంటాయని పుస్తకంలో ఉంది. పుస్తకంలో అచ్చుతప్పు పడిందనుకున్నాను గాని, ఎదురుగా ఉన్నది గడ్డం గీశాక రాసే పౌడరు అని నాకు తోచలేదు. ఎర్రగీత నా చేతులతోనే గీశాను.

ఆదివారం పొద్దున నాన్న ఇంటికి ఒక చెంప నున్నగా, ఒక చెంప నెరిసిన గడ్డంతో వచ్చాడు. ఎల్లుండి చెట్టు కొట్టేస్తారని ఠాకుర్‌కు తెలిసిందట. సగంలో కత్తి కింద పెట్టి ఏడుస్తూ కూర్చున్నాడట.

"ఆ సెట్టు మీద ఎర్రగీత ఎవుడు గీసినాడ్రా?"

"నేనే నాన్నా. లోపలంతా కుళ్ళిపోయింది."

"నువ్వు లోపలికెల్లి సూసినావా? నడు."

సుత్తి పట్టుకుని ఆయన ముందు, ఫైలు పట్టుకుని నేను వెనక. సగం గడ్డంతో తెలీబంధా బజారు మధ్యనుంచి అంత దర్జాగా నడిచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చెట్టు చుట్టూ తిరిగి కిందా పైనా కొట్టాడు. ప్రతి దెబ్బకూ చెవి మానుకు ఆనించి విన్నాడు. "గట్టిగుందిరా. లోపలేటీ నేదు" అన్నాడు. "ఇది రైలుచక్రం కాదు నాన్నా" అన్నాను. ఆయన నా గానోడెర్మా మీద ఒక్కటిచ్చాడు. అది కటకటా ఊగింది. సబ్బుగిన్నె ఎగిరి కుర్చీలో పడింది.

"ఇది ఈ సెట్టుది కాదు. దీని సప్పుడు ఏరు. ఠాకుర్, ఇధర్ ఆవో!"

ఠాకుర్ వచ్చి నా కాళ్ళు పట్టుకోబోయాడు. అప్పుడు బయటపడింది. అది అతని మేనల్లుడు ఎప్పుడో అడవి వైపు ఊళ్ళో ఒక చెట్టునుంచి తీసి తెచ్చి ఇచ్చినదట. ఆ ప్రాంతంలో మేనల్లుడంటే మేనమామే కాళ్ళకు దండం పెడతాడు, అతను ఇచ్చింది కాదనరు. అందుకని దాన్ని రెండు మేకులతో మానుకు కొట్టి అరలాగా వాడుకుంటున్నాడు. చెట్లకు మేకులు కొడితే శిక్ష తప్పదని పైనే బోర్డు ఉంది గనక, ఫైలుతో వచ్చిన నన్ను చూసి భయపడి, అదే మొలిచిందన్నాడు. (ఆ బోర్డును చెట్టుకు బిగించింది నాలుగు మేకులతో. అది వేరే సంగతి.)

నా మొహం ఎలా ఉందో ఠాకుర్ అద్దంలో నాకే కనిపించింది. నిజం రాస్తే మేకులు బయటపడి ఠాకుర్‌ను అక్కడినుంచి తరిమేస్తారు. రాయకపోతే చెట్టు పోతుంది, చెట్టుతోపాటు దుకాణమూ పోతుంది. సోమవారం, రెండు మేకులూ పీకి తీసిన ఆ అరను పట్టుకుని పెద్ద సాహెబు గదిలోకి వెళ్ళాను. "సర్, ఆ చెట్టుకున్న ఫంగస్ ఇదిగో, తీసేశాం. మళ్ళీ పరీక్ష చేస్తే మాను గట్టిగా ఉంది" అన్నాను. ఇందులో ఒక్క అబద్ధం లేదు, కావాలంటే చూసుకోండి. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "షాబాష్! జడ్ సే నికాలా?" అన్నాడు. వేళ్ళతో సహా లాగారా అని. "జీ సర్, రెండే వేళ్ళు" అన్నాను. చెట్టును నరకమన్న ఆర్డరు రద్దయింది. నా ఉద్యోగ జీవితంలో మొదటి మెచ్చుకోలు, చేయని వైద్యానికి దక్కింది. అర మాత్రం నేను రాసిన చీటీతో ఆఫీసు అద్దాల బీరువాలోకి ఎక్కింది.

మేనల్లుడి కానుక నావల్ల పోయిందని మనసు పీకుతూనే ఉండేది. ఆరు నెలలూ అయ్యాక సాహెబును బతిమాలి దాన్ని తీసుకుని, ఒక ఆదివారం ఠాకుర్ దగ్గరికి వెళ్ళాను. నాన్న మొహమంతా నురగతో కుర్చీలో ఉన్నాడు. ఠాకుర్ దాన్ని కళ్ళకద్దుకుని, ఈసారి తాడుతో కట్టబోతూ ఆగిపోయాడు. "ఏ హా పేడ్ లా తో నఇ ఖాహీ న, సాహెబ్?" ఇది చెట్టును తినదు కదా అని. నా మొదటి రిపోర్టును ఇంకా నమ్ముతున్న ఒకే ఒక్క మనిషి, పాపం, అతనే. ఎండి చెక్కయిపోయినది ఏమీ చెయ్యదని నాకు తెలుసు. అయినా ఆ చెట్టు ముందు నిలబడి ఖాయంగా ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. "ఉండు, నాన్నను అడుగుదాం" అన్నాను. నురగ వెనకనుంచి నాన్న కళ్ళు నవ్వాయి.

ఆ సుత్తి ఇప్పుడు నా దగ్గరే ఉంది. పొద్దున నడకకు వెళ్ళినప్పుడు జేబులో వేసుకుంటాను. తల నెరిసిన పెద్దమనిషి చెట్లకు చెవి ఆనించి నిలబడితే జనం ఒకలా చూస్తారు, చూడనివ్వండి. ఏం వినిపించిందని అడిగితే మాత్రం చెప్పలేను, నాన్న చెవులు నాకు రాలేదు. అయినా కొడతాను.