లంగరు లేని తాడు

దయ్యాలు, మహిమలు అనే మాట వస్తే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాస్తుంటే నామీద నాకే చిరాకుగా ఉంది. కానీ ఈ సంగతిని వేరేవాళ్ళు వాళ్ళకి కావలసినట్టు చెప్పుకుంటున్నారు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

కంకిపాడులో నాకు మోటారు పంపుల కొట్టు ఉంది. పెద్దగా చదువుకోలేదు. ఎంత లోతు నుంచి ఎంత నీళ్ళు లాగాలంటే ఎంత మోటారు కావాలో పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. లెక్క తేలని పని ఒప్పుకోను.

మా అమ్మాయి హారిక బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో చేస్తుంది. సరదాగా స్కూబా డైవింగ్ నేర్చుకుంటానని ఒక క్లబ్బులో చేరింది. స్విమ్మింగ్ పూల్‌లో పాఠాలయ్యాక, నదిలో మొదటి డైవ్ దసరా మర్నాడు పెట్టారు. కొండపల్లి అవతల, కృష్ణ ఒడ్డున వాళ్ళ షెడ్డు. నేనూ వెంట వెళ్ళాను.

వెళ్ళేముందు బోటు లంగరు గురించి దొరికినదల్లా చదివాను. లంగరు పట్టు దాని బరువులో లేదు. కొక్కేలు ఇసుకలోకి దిగాలి. దిగాలంటే తాడు నేలబారుగా లాగాలి. అందుకని నీటి లోతుకి కనీసం ఐదు రెట్లు తాడు వదలాలి. పొట్టి తాడైతే అలకి బోటు లేచినప్పుడల్లా లంగరుని పైకి పీకేస్తుంది. ఇంకో సంగతి. కింద మనుషులుండగా ఇంజను వేయకూడదు, ఫ్యాను రెక్కలు తగులుతాయి. అంటే డైవర్లు దిగాక బోటు జారిందంటే చూస్తూ కూర్చోవడమే.

బోటెక్కి చూస్తే లంగరే లేదు. సగం నింపిన ఇసుక బస్తా ఉంది. దానికి కట్టిన నైలాను తాడు లోతుకి రెట్టింపు కూడా ఉండదు.

"లంగరేది బాబూ?" అని ట్రైనర్ కిరణ్‌ని అడిగాను.

"ఆయుధపూజలో ఉందండీ. సాయంత్రం మా నాన్నగారొచ్చి ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు."

షెడ్డులోకి వెళ్ళి చూశాను. నిజమే. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి పీట మీద పెట్టారు.

"సిలిండర్లకీ బొట్లున్నాయిగా. వాటినెందుకు కదిపారు?"

"అవి లేకపోతే దిగలేం కదండీ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "లంగరు లేకుండా మాత్రం దిగొచ్చా?" అన్నాను. బోటు నడిపే నాగరాజు పకపకా నవ్వాడు. "సార్ని వదిలేస్తే మన బోటుకీ పంపుసెట్టు బిగిస్తారండీ!" హారిక నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, అందరిముందూ మొదలెట్టకు ప్లీజ్" అంది. పాతికేళ్ళ పిల్లని చెయ్యి పట్టి ఇంటికి లాక్కుపోలేను కదా.

బస్తా వేశారు. హారిక, కిరణ్ తాడు పట్టుకుని దిగారు. బురద నీళ్ళు. తలలు మునగగానే మాయమయ్యారు.

నేను ఒక గురుతు పెట్టుకున్నాను. అవతల థర్మల్ స్టేషన్ పొగగొట్టం, ఒడ్డునున్న తాడిచెట్టు ఒకే వరసలో కనిపించాయి. ఆ రెండూ కలిసి ఉన్నంతసేపూ బోటు ఉన్నచోటే ఉన్నట్టు.

కాసేపటికి నీటి లాగుడు పెరిగింది. దిగువన బ్యారేజీ గేట్లు ఎత్తి ఉంటారు. చూస్తుండగానే తాడిచెట్టు గొట్టాన్ని వదిలి పక్కకి జరిగిపోయింది. "జారుతున్నాం!" అని అరిచాను. నాగరాజు చెయ్యి ఇంజను మీదకి వెళ్ళి ఆగిపోయింది. కిందవాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. మేం కొట్టుకుపోతే నా కూతురు లాంచీలు తిరిగే దారిలో, బోటు లేని చోట తేలుతుంది.

అప్పుడు బోటు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. తాడు కర్రలా బిగిసింది. బోటు ముక్కు దగ్గర నీళ్ళు రెండుగా చీలి నురగ కడుతున్నాయి. గొట్టం, చెట్టు ఇక అంగుళం కదల్లేదు.

వాళ్ళిద్దరూ ఆ తాడు వెంబడే పైకొచ్చారు. హారిక రెండో కాలు బోటులో పెట్టగానే తాడు వదులైపోయింది, బోటు మళ్ళీ కొట్టుకుపోసాగింది. నాగరాజు ఒంటిచేత్తో తాడు లాగేశాడు. చివర ముడి ఉంది. ముడిలో చిరిగిన గోనె పీలిక ఉంది. బస్తా లేదు.

హారిక మాస్కు తీస్తూ అంది: "ఊరికే గొడవ చేశావు నాన్నా. కింద ఇనుప లంగరే ఉంది. కనపడలేదు గానీ, దాని కొక్కెం పట్టుకునే కూర్చున్నా."

ఒడ్డుకి రాగానే షెడ్డులోకి పరిగెత్తాను. లంగరు పీట మీదే ఉంది. పొడిగా ఉంది. దండలో ఒక్క పువ్వు నలగలేదు.

నాకు తోచినవన్నీ ఆలోచించాను. మొద్దుకో వలకో తాడు చిక్కుకుని ఉంటే ఒంటిచేతికి వచ్చేది కాదు. నీళ్ళు తగ్గాక వేరే పడవలో వెళ్ళి ఆ వరసలోనే వెదురు గెడతో పొడిచి చూశాను. గెడకి ఇసుక తప్ప ఏమీ తగల్లేదు. వరదకి ఇసుక కదులుతుంది, కాబట్టి దాన్ని రుజువని అనను.

నన్ను భయపెట్టింది ఇది కాదు. ఆ తరవాత జరిగింది. కిరణ్ ఫోన్లో వీడియో పెట్టాడు, అమ్మవారే మా బోటుని పట్టుకుందని. జనం దండాలు పెట్టారు. క్లబ్బుకి కొత్త బ్యాచ్ నిండిపోయింది. చూద్దామని వెళితే బోటులో మళ్ళీ అదే ఇసుక బస్తా. పూజ ఎప్పుడో అయిపోయింది. లంగరు మాత్రం పీట దిగలేదు, దానికిప్పుడు రోజూ దీపం పెడుతున్నారు.

"ఇప్పుడైనా బోటులో వేసుకోండయ్యా" అన్నాను.

"మనకేం భయం అంకుల్? చూశారుగా మీరే!" అన్నాడు కిరణ్.

చూశాను. చూసినందుకే ఈ కోపం. ఆ రోజు బోటు కొట్టుకుపోయి ఉంటే వీళ్ళకి బుద్ధన్నా వచ్చేదని అనబోతాను. అక్కడ నా కూతురు ఉందని గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

హారిక ఆ క్లబ్బు మానేసింది గానీ డైవింగ్ మానలేదు. కొత్త లంగరు, గొలుసు, లోతుకి ఏడు రెట్లు తాడు నేనే కొన్నాను. హారిక ఎక్కడ దిగినా అవి తీసుకుని వెంట వెళతాను. దిగిన ప్రతిసారీ లంగరు తడిమి చూసి రమ్మంటాను. చూసి వస్తుంది.

"బాగా దిగింది నాన్నా, గట్టిగా ఉంది" అంటుంది. తరవాత, నేను అడక్కపోయినా, తడి చేతులు రెండూ బారుగా చాపి కొలత చూపిస్తుంది.

"ఆ రోజుది మాత్రం ఇంత ఉంది."

అంత లంగరు అలాంటి ఏ బోటుకీ ఉండదు. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అది ఇమడలేదు.