శుక్రవారం పొద్దున ఆరని ఎర్రదీపం

బ్రాగో అక్క ఒకప్పుడు కందగడ్డలు అమ్మేది. సరుకు తెచ్చే బండి చెడిపోయినప్పుడల్లా అదెందుకు, ఇదెందుకు అని మెకానిక్ ప్రాణం తోడేసేది. విసుగెత్తి ఆయన పానా చేతికిచ్చి "నువ్వే విప్పుకో తల్లీ" అన్నాడట. ఇరవై ఆరేళ్లయింది, విప్పుతూనే ఉంది. ఘానా దేశపు కుమాసీలో, బండ్లు బాగుచేసే మా సువామే షెడ్లలో ఆమె పక్కనే నా విడిభాగాల కొట్టు. ఆ ప్రశ్నల పోరు పడేది ఇప్పుడు నేను.

ఒక బుధవారం సాయంత్రం అంపోన్సా తన పాత ప్యూజో 504 తెచ్చాడు. పల్లెల నుంచి అరటిగెలలు మోసే బండి. అతని ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే.

"నెలాఖరుకి తుక్కుకి ఇచ్చేస్తానక్కా. శుక్రవారం పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ అందలేదని చెప్పే ఎర్రదీపం పది లెక్కపెట్టినా ఆరదు. లోపల టకటకా కొట్టుకుంటుంది. మిగతా రోజుల్లో అంతసేపు ఉండదు."

"శుక్రవారమే ఎందుకు?"

అతను గొంతు తగ్గించాడు. "నాలుగు నెలల కింద ఒక గురువారం దొంగచాటుగా గెలలు కోయించా. భూతల్లి అలిగింది."

గురువారం ఆమె దినం. మా వైపు ఆ రోజు ఎవరూ పొలంలోకి దిగరు. అంపోన్సా బండికీ సెలవే.

"ఆమె సంగతి తర్వాత. అప్పుడే బండికి ఇంకేం చేశావు?"

"ఆయిలూ ఫిల్టరూ మార్పించా. అంతే."

అక్క ఇంజన్‌కి ఆయిల్ ప్రెషర్ కొలిచే గేజ్ తగిలించి చూసింది. "ప్రెషర్ ఎక్కాక నిలబడుతోంది. బేరింగులు గట్టిగానే ఉన్నాయి. మరి బండి పడుకున్నప్పుడు ఆయిల్ ఎటు పోతోంది? శుక్రవారం దాకా ఇక్కడే ఉంచు. తాళం నాకివ్వు."

శుక్రవారం స్టార్ట్ చేయకుండానే ఫిల్టర్ విప్పింది. నిండుగా ఉండాల్సిన దాంట్లో రెండు చెంచాల ఆయిల్ ఉంది. రంపంతో కోసింది. ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర లోపల లేనే లేదు.

"ఒక్క రాత్రిలో కాస్త జారుతుంది. గురువారమంతా కదలకపోతే మొత్తం దిగిపోతుంది. శుక్రవారం అది మళ్లీ పైకెక్కేదాకా దీపం ఆరదు," అంది.

ఆ ఫిల్టర్ డబ్బా రంగు నాకు తెలుసు. ఆ మాట బయటపెట్టకుండా, మంచి ఫిల్టర్ ఒకటి తెచ్చిచ్చి కొట్లోకి జారుకున్నాను.

మరుసటి శుక్రవారం రెండు అనేలోపే దీపం ఆరిపోయింది. అంపోన్సా నేల మీద కూలబడి ఏడ్చాడు. "పిల్లలకి జ్వరం వచ్చినా నా పాపమే అనుకున్నానక్కా!"

బ్రాగో అక్క నావైపు చూసింది. ప్రశ్నల పుట్ట లాంటి మనిషి, ఒక్క మాటా అడగలేదు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"ఆ ఫిల్టర్ నేనే అమ్మాను తమ్ముడూ. చౌకగా దొరికిందని తెచ్చా. లోపలేముందో చూడలేదు. తప్పయిపోయింది."

కొడతాడనుకున్నాను. కళ్లు తుడుచుకుని లేచాడు.

"అయితే భూతల్లికి నా మీద కోపం లేదా?"

"లేదు."

"నాకు చెప్తావేంటి మరి? నాలుగు నెలలు నీ తప్పుకి ఆ తల్లిని నిందించాను. ఆమెకి చెప్పు."

షెడ్లలో పనంతా ఆగింది. బ్రాగో అక్క ఆయిల్ మరకలు లేనిచోటు చూపించింది. నేను మోకాళ్ల మీద కూర్చుని, మట్టి మీద అరచేయి పెట్టాను.